యాప్‌కి క్లౌడ్ ఎంచుకోవడం ఎలా: ఒకరిద్దరే ఉన్న టీమ్‌కి పనికొచ్చే పద్ధతి

"ఏడబ్ల్యూఎస్ తీసుకోమంటారా, రెండర్ చాలంటారా?" అని అడిగేవాళ్లు తగ్గడం లేదు. రెండూ యాప్‌ని ఇంటర్నెట్‌లో నడపడానికి సర్వర్లు అద్దెకిచ్చే క్లౌడ్‌లే, మొదటిది అమెజాన్‌ది. అడిగేవాళ్ల పరిస్థితి కూడా దాదాపు ఒకటే. యాప్ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. వచ్చే నెల నుంచి జనం వాడాలి. చూసుకునేది ఒకరో ఇద్దరో. నెలకు నాలుగైదు వేలు దాటితే క్లయింట్‌తో మాట పడాలి. ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను. బ్యాంకు సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లకు ఇందులో కొత్తగా దొరికేదేమీ ఉండదు.

కంపెనీల ఫీచర్ల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని కూర్చోకండి. అన్నింట్లోనూ అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి, చివరికి తలనొప్పే మిగులుతుంది. ఆదివారం రాత్రి యాప్ పడిపోతే లేచి చూసే మనిషెవరు, ఆ మనిషికి ఏ పని వచ్చు అన్నది ముందు తేల్చుకోండి. సగం ప్లాట్‌ఫారమ్‌లు అక్కడే జాబితాలోంచి పోతాయి.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక యాప్‌ని ఊహించుకుందాం. కరీంనగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్. పొద్దున శాంపిళ్లు నమోదు చేస్తారు, సాయంత్రానికి రిపోర్టు పీడీఎఫ్ తయారవుతుంది, దాని లింక్ పేషెంటుకి వాట్సాప్‌లో వెళ్తుంది. జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో రాసిన యాప్, వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్.

కావాల్సినవి

- గిట్‌లో ఉన్న కోడ్. మీ ల్యాప్‌టాప్‌లో కాకుండా వేరే మెషిన్‌లో కూడా ఒకసారి నడిపి చూసి ఉండాలి.
- డాకర్‌ఫైల్, అంటే యాప్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి కంటైనర్ అనే ఒకే మూటగా కట్టే సూచనల ఫైలు. తప్పనిసరి కాదు గానీ, ఉంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారడం గంటల పని. లేకపోతే రోజుల పని.
- సొంత డొమైన్. అది ఎవరి పేరు మీద, ఎవరి మెయిల్ మీద ఉందో ఇప్పుడే చూసుకోండి. డొమైన్ కొనిచ్చిన కుర్రాడు ఫోన్ ఎత్తకపోతే మీ క్లౌడ్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు.
- అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్న కార్డు.
- జీఎస్టీ నంబరు, ఉంటే.

కార్డు గురించి ఒక హెచ్చరిక. 2021 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధనల వల్ల నెలనెలా కార్డు నుంచి తనంతట తాను కట్ అయ్యే చెల్లింపులకు ఇ-మాండేట్ (బ్యాంకుకి ముందే ఇచ్చే అనుమతి) ఉండాలి, 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. విదేశీ ప్లాట్‌ఫారమ్‌ల దగ్గర చెల్లింపు ఫెయిలై, ఆ మెయిల్ స్పామ్‌లో పడి, యాప్ ఆగిపోయాక తెలిసే సందర్భాలు చాలా ఉంటాయి. ఏడబ్ల్యూఎస్, గూగుల్, అజూర్ భారత ఖాతాలకు రూపాయల్లో బిల్లు ఇస్తాయి. చిన్న కంపెనీల్లో ఎక్కువభాగం డాలర్లలోనే.

1. యాప్‌కి ఏం కావాలో కాగితం మీద రాయండి

ఒకేసారి ఎంతమంది వాడతారు? డేటాబేస్ ఏది? యూజర్లు ఫైళ్లు అప్‌లోడ్ చేస్తారా? టైముకి నడవాల్సిన పనులు, వెనకాల నడిచే పనులు ఉన్నాయా? ఎంతసేపు ఆగినా గొడవ కాదు?

మన డయాగ్నస్టిక్ సెంటర్‌కి జవాబులు ఇలా ఉంటాయి: రోజుకు 300 మంది పేషెంట్లు, ఒకేసారి యాప్‌లో ఉండేది 20 మంది లోపే. పీడీఎఫ్‌లు దాచాలి. రాత్రి ఒక రిపోర్టు మెయిల్ వెళ్లాలి. పొద్దున 7 నుంచి 10 దాకా ఆగకూడదు, అర్ధరాత్రి అరగంట ఆగినా ఎవరూ పట్టించుకోరు. ఇంత లోడుకి 2 జీబీ మెమరీ ఉన్న ఒక మెషిన్ చాలు. "రేపు పది లక్షల మంది వస్తే?" అన్న ప్రశ్నని రేపటికే వదిలేయండి.

2. నడిపే మనిషిని బట్టి రకం తేల్చండి

లినక్స్ సర్వర్ మీద చేయి తిరిగినవాళ్లు టీమ్‌లో లేకపోతే, కోడ్ ఇస్తే మిగతాది తనే చూసుకునే ప్లాట్‌ఫారమ్‌కి వెళ్లండి: రెండర్, రైల్వే, ఫ్లై, హెరోకు, గూగుల్ క్లౌడ్ రన్, అజూర్ యాప్ సర్వీస్ లాంటివి. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్లు (బ్రౌజర్‌లో తాళం గుర్తు తెచ్చేవి) వాళ్ల పని. డబ్బు కాస్త ఎక్కువవుతుంది, నిద్ర మిగులుతుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అయి లాగ్ చదవగలిగిన మనిషి ఉంటే వర్చువల్ మెషిన్, అంటే మీరే చూసుకునే అద్దె సర్వర్ తీసుకోండి: డిజిటల్ ఓషన్, లినోడ్, ఏడబ్ల్యూఎస్ లైట్‌సెయిల్, ఈసీ2. రెండింటికీ మధ్యేమార్గం కూడా ఉంది. మెషిన్ అద్దెకు తీసుకుని దాని మీద కూలిఫై గానీ డొక్కు (Dokku) గానీ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే గిట్‌లో పుష్ చేయగానే డిప్లాయ్ అయ్యే సదుపాయం మీ సొంత సర్వర్‌లోనే వస్తుంది. కాకపోతే ఆ మెషిన్ బాధ్యత మాత్రం మీదే.

చాలా మెషిన్ల మీద కంటైనర్లను నడిపించే కుబర్నెటిస్ ఈ స్థాయిలో వద్దు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఏడబ్ల్యూఎస్ వారి కుబర్నెటిస్ సర్వీసులో కంట్రోల్ ప్లేన్‌కే (అన్నింటినీ నడిపించే మెదడు భాగానికే) గంటకు 10 సెంట్లు, అంటే మీ యాప్ ఒక్క రిక్వెస్టు కూడా తీసుకోకముందే నెలకు 73 డాలర్లు. రెజ్యూమెలో రాసుకోవడానికి నేర్చుకోవాలనుకుంటే ల్యాప్‌టాప్‌లో నేర్చుకోండి, క్లయింట్ డబ్బుతో కాదు.

ఫ్రంటెండ్ (యూజర్‌కి కనిపించే భాగం) విడిగా ఉంటే వెర్సెల్, నెట్లిఫై, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ బాగుంటాయి. వెర్సెల్ ఉచిత ప్లాన్ మాత్రం సొంత, వ్యాపారేతర వాడకానికే. క్లయింట్ సైటు అందులో పెట్టడం నిబంధనలకు విరుద్ధం.

3. రీజియన్ చూడండి

రీజియన్ అంటే ఆ కంపెనీ సర్వర్లు ఉన్న చోటు. మీ యూజర్లు తెలుగు రాష్ట్రాల్లో ఉంటే దగ్గరి రీజియన్లు ఇవి. ఏడబ్ల్యూఎస్‌కి ముంబై 2016 నుంచి, హైదరాబాద్ 2022 నుంచి ఉన్నాయి. గూగుల్‌కి ముంబై, ఢిల్లీ. అజూర్‌కి పుణె, చెన్నై, ముంబై. ఒరాకిల్‌కి ముంబై, హైదరాబాద్. డిజిటల్ ఓషన్‌కి బెంగళూరు. ఫ్లైకి ముంబై. రెండర్ తీసుకుంటే మనకు దగ్గర్లో ఉన్నది సింగపూర్. యాప్ వాడేది డల్లాస్, న్యూజెర్సీల్లోని తెలుగు సంఘం సభ్యులైతే మొహమాటం లేకుండా అమెరికా రీజియనే పెట్టండి.

హైదరాబాద్ పేరు చూసి మురిసిపోయి ఎంచుకోకండి. కొత్త రీజియన్లలో అన్ని సర్వీసులూ, అన్ని రకాల మెషిన్లూ ఉండవు. మీకు కావాల్సినవి అక్కడ ఉన్నాయో లేదో ముందు చూడండి. సింగపూర్ అయినంత మాత్రాన మామూలు వెబ్ యాప్‌కి కొంప మునగదు.

కొంప ముంచేది ఇంకోటుంది: యాప్ ఒక రీజియన్‌లో, డేటాబేస్ ఇంకో రీజియన్‌లో ఉండటం. ఒక పేజీ తెరవడానికి డేటాబేస్‌కి 30 క్వెరీలు (ప్రశ్నలు) వెళ్తాయనుకోండి. ఒక్కో క్వెరీ వెళ్లి రావడానికి 60 మిల్లీసెకన్లు పడితే పేజీకి 1.8 సెకన్లు దారిలోనే పోతాయి. రెండూ పక్కపక్కన ఉంటే అదే పని కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. ఉచిత డేటాబేస్ దొరికిందని అమెరికాలో పెట్టి, యాప్‌ని ముంబైలో నడుపుతూ "క్లౌడ్ స్లోగా ఉందండీ" అనేవాళ్లు చాలామందే ఉన్నారు.

చట్టం సంగతి. చెల్లింపుల వ్యవస్థల డేటా దేశంలోనే ఉండాలన్నది 2018 నాటి ఆర్‌బీఐ ఆదేశం. సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, సైబర్ సంఘటన జరిగితే 6 గంటల్లో తెలియజేయాలి. మన ఉదాహరణలో ఆరోగ్య సమాచారం ఉంది కాబట్టి నేనైతే భారత రీజియనే తీసుకుంటాను. ప్రభుత్వ టెండరైతే కేంద్ర ఐటీ శాఖ ఎంప్యానెల్ చేసిన క్లౌడ్ కంపెనీల జాబితాలోంచే ఎంచుకోవాల్సి రావచ్చు, టెండర్ కాగితం చదవండి.

4. బిల్లు ముందే లెక్కేయండి

ధరల పేజీలో పెద్ద అక్షరాలతో కనిపించేది మెషిన్ ధర మాత్రమే. దాని పక్కన ఇవి కూడా రాసుకోండి: డేటాబేస్, డిస్కు, బ్యాకప్, పబ్లిక్ ఐపీ, బయటికి వెళ్లే డేటా, లాగ్‌లు, 18 శాతం జీఎస్టీ.

మన యాప్‌ని డిజిటల్ ఓషన్ బెంగళూరులో పెడితే 2 జీబీ మెషిన్ 12 డాలర్లు, దాని వారపు బ్యాకప్‌కి 20 శాతం అంటే 2.40, చిన్న మేనేజ్డ్ పోస్ట్‌గ్రెస్ (వాళ్లే చూసుకునే డేటాబేస్) సుమారు 15. జీఎస్టీ కలిపితే 35 డాలర్ల లోపు. డాలరు 90 రూపాయలు వేసుకుంటే 3,200 దాటదు. ధరలు మారుతుంటాయి కాబట్టి కొనే రోజున మళ్లీ చూసుకోండి.

బయటికి వెళ్లే డేటా దగ్గరే చాలామంది దెబ్బతింటారు. రిపోర్టు పీడీఎఫ్ 300 కేబీ అనుకుంటే రోజుకు 300 చొప్పున నెలకు 3 జీబీ కూడా కాదు, మర్చిపోవచ్చు. అదే కోచింగ్ సెంటర్ వీడియోలైతే కథ వేరు. 200 ఎంబీ క్లాసుని 500 మంది విద్యార్థులు చూస్తే ఒక్క క్లాసుకే 100 జీబీ. ఏడబ్ల్యూఎస్ ముంబైలో నెలకు మొదటి 100 జీబీ ఉచితం, ఆపైన జీబీకి 11 సెంట్ల దాకా. నెలకు 25 క్లాసులైతే 260 డాలర్లు దాటుతుంది. వీడియోలు, పెద్ద ఫైళ్లు ఉంటే బయటికి వెళ్లే డేటాకి చార్జీ లేని క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2 లాంటిది చూడండి.

ఏడబ్ల్యూఎస్‌లో పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకి 2024 ఫిబ్రవరి నుంచి గంటకు అర సెంటు, నెలకు 3.60 డాలర్లు. చిన్నదే. ట్యుటోరియల్ చూస్తూ తెలియకుండా సృష్టించిన నాట్ గేట్‌వే (లోపలి మెషిన్లని ఇంటర్నెట్‌కి కలిపే సర్వీసు) మాత్రం చిన్నది కాదు, నెలకు 30 డాలర్ల పైమాటే.

ఉచిత ప్లాన్ల మీద యాప్ నడపొచ్చా? డెమోకి నడపండి. రెండర్ ఉచిత సర్వీసు 15 నిమిషాలు ఎవరూ రాకపోతే నిద్రపోతుంది, లేవడానికి నిమిషం దాకా పడుతుంది. దాని ఉచిత పోస్ట్‌గ్రెస్ 30 రోజులకు గడువు తీరిపోతుంది. హెరోకు ఉచిత ప్లాన్ 2022 నవంబర్ 28తో ముగిసింది, అప్పటిదాకా దాని మీద ఆధారపడ్డవాళ్లంతా పరుగులు తీశారు. ఏడబ్ల్యూఎస్‌లో 2025 జూలై 15 తర్వాత తెరిచిన ఖాతాలకు పాత 12 నెలల పద్ధతి లేదు. గరిష్ఠంగా 200 డాలర్ల క్రెడిట్, ఉచిత ప్లాన్ 6 నెలలు. ఒరాకిల్ శాశ్వత ఉచిత మెషిన్ ఖాళీగా ఉంటే వెనక్కి తీసుకునే అధికారం వాళ్లకుంది.

ఖాతా తెరిచిన రోజునే బడ్జెట్ అలర్ట్ పెట్టండి. అయితే అలర్ట్ మెయిల్ పంపుతుందే తప్ప మీటర్ ఆపదు.

5. రెండింటిని ఎంచుకుని ఒకే యాప్‌ని రెండుచోట్లా పెట్టండి

మన ఉదాహరణకి నేను పోటీలో పెట్టేవి రెండు: డిజిటల్ ఓషన్ వారి బెంగళూరు డ్రాప్లెట్ (వాళ్ల వర్చువల్ మెషిన్ పేరు, లినక్స్ వచ్చిన మనిషి ఉంటేనే), ముంబైలో గూగుల్ క్లౌడ్ రన్. క్లౌడ్ రన్ రిక్వెస్టులు లేనప్పుడు సున్నాకి దిగిపోతుంది కాబట్టి చౌక. కానీ పక్కన పెట్టుకునే గూగుల్ డేటాబేస్ సర్వీసు క్లౌడ్ ఎస్‌క్యూఎల్ 24 గంటలూ బిల్లు తింటుంది, అది కలిపి లెక్కేయండి.

డిప్లాయ్ చేసే వరుస: రహస్యాలన్నీ కోడ్‌లోంచి తీసి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో (కోడ్ బయట, సర్వర్ సెట్టింగుల్లో ఉండే విలువలు) పెట్టండి. డేటాబేస్ సృష్టించి, మైగ్రేషన్లు (డేటాబేస్‌లో పట్టికలు తయారుచేసే ఆదేశాలు) నడపండి. యాప్ పైకి వచ్చాక సబ్‌డొమైన్ తగిలించి, తాళం గుర్తు వచ్చిందో లేదో చూడండి. పీడీఎఫ్‌లను సర్వర్ డిస్కులో కాకుండా ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో (ఫైళ్లు దాచే విడి సర్వీసు) పెట్టండి. అందులో ఫైళ్లుండే బకెట్‌ని పబ్లిక్ చేయకండి. కొంతసేపటికి పనిచేయకుండా పోయే లింకులే (సైన్డ్ యూఆర్‌ఎల్) వాట్సాప్‌లో పంపండి. పేషెంటు రక్త పరీక్ష ఫలితాలు గూగుల్ సెర్చ్‌లో దొరికితే దానికి క్షమాపణ సరిపోదు.

మొదటిసారి యాప్ రాదు. దాదాపు ఎవరికీ రాదు. కారణాలు ఎక్కువగా ఇవే:

"పోర్ట్ దొరకలేదు" అని గానీ 502 ఎర్రర్ అని గానీ వస్తే యాప్ 127.0.0.1 మీద, అంటే లోపలి రిక్వెస్టులే వినేలా ఉందేమో చూడండి. కంటైనర్‌లో 0.0.0.0 మీద, అంటే బయటివి కూడా వినాలి. పోర్ట్ నంబరు కూడా ప్లాట్‌ఫారమ్ ఇచ్చే వేరియబుల్ నుంచే తీసుకోవాలి. క్లౌడ్ రన్‌లో అది మామూలుగా 8080.

జాంగోలో 400 ఎర్రర్ వస్తే అనుమతించిన హోస్టుల జాబితాలో కొత్త డొమైన్ లేదన్నమాట. ఫారం పంపితే 403 వస్తే సీఎస్‌ఆర్‌ఎఫ్ నమ్మకమైన ఆరిజిన్లలో డొమైన్‌ని హెచ్‌టీటీపీఎస్‌తో సహా రాయండి. చిరాకేసి డీబగ్ మోడ్ ఆన్ చేసి అలాగే వదిలేయకండి.

137 కోడ్‌తో ప్రాసెస్ చనిపోతే చాలావరకు మెమరీ చాలలేదు. 1 జీబీ మెషిన్‌లో ఫ్రంటెండ్ బిల్డ్ చేసేటప్పుడు ఇది మామూలు. బిల్డ్‌ని గిట్‌హబ్ యాక్షన్స్‌లో చేయండి, లేదా స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్కుని వాడుకోవడం) పెట్టండి.

"టూ మెనీ కనెక్షన్స్" వస్తే ఇన్‌స్టాన్సులు (నడుస్తున్న యాప్ కాపీలు), వర్కర్లు (ఒక్కో కాపీలోని ప్రాసెస్‌లు), పూల్ సైజు (ఒక్కో ప్రాసెస్ తెరిచే కనెక్షన్లు) మూడింటినీ గుణించండి. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి 100, చిన్న ప్లాన్లలో ఇంకా తక్కువ.

పాస్‌వర్డులు, సీక్రెట్ కీలు పొరపాటున గిట్‌హబ్‌లో పడితే ఫైలు తీసేయడం చాలదు, హిస్టరీలో ఉంటుంది. ఆ పాస్‌వర్డో కీనో మార్చాల్సిందే, అదీ వెంటనే.

6. పరీక్షలు

ఇవి రెండుచోట్లా చేసి ఫలితాలు పక్కపక్కన రాయండి. ఆఫీసు వైఫై వద్దు. ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్ చేసి, దాని హాట్‌స్పాట్‌తో చూడండి.

వేగం: బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, మొదటి వరుసలో సర్వర్ జవాబు కోసం ఆగిన సమయం చూడండి. అర సెకను లోపుంటే హాయి. 20 నిమిషాలు ముట్టుకోకుండా వదిలేసి మళ్లీ తెరవండి, అప్పుడు నిద్ర సంగతి బయటపడుతుంది.

తెలుగు: ఈ పరీక్ష దాదాపు అందరూ మర్చిపోతారు. "లక్ష్మీ", "కృష్ణ", "స్త్రీ" అన్న మాటలతో ఒక రిపోర్టు పీడీఎఫ్ తీయండి. ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా వచ్చిన రిపోర్టు సర్వర్‌లో ఖాళీ డబ్బాలుగా వస్తుంది, ఎందుకంటే చిన్న డాకర్ ఇమేజుల్లో తెలుగు ఫాంట్లు ఉండవు. డాకర్‌ఫైల్‌లో నోటో సాన్స్ తెలుగు ఇన్‌స్టాల్ చేస్తే డబ్బాలు పోతాయి. డబ్బాలు పోయినా ఒత్తులు విడిపోయి "లక్‌ష్‌మీ" లాగా వస్తే తప్పు ఫాంట్‌ది కాదు, పీడీఎఫ్ లైబ్రరీకి మన లిపిని కూర్చడం రావట్లేదు. వీజీప్రింట్ గానీ హెడ్‌లెస్ క్రోమ్ గానీ వాడి చూడండి.

టైమ్: సర్వర్లు సాధారణంగా యూటీసీలో ఉంటాయి. పొద్దున 6 గంటలకు నడవాల్సిన పనిని 6 అనే రాస్తే మన 11:30కి నడుస్తుంది. 00:30 అని రాయాలి. రిపోర్టు మీద పడే శాంపిల్ సమయం కూడా చూడండి. ఐదున్నర గంటల తేడా ఉన్న రిపోర్టుని డాక్టరు నమ్మరు.

ఫైళ్లు: ఒక ఫైలు అప్‌లోడ్ చేసి, ఏ మార్పూ లేకుండా మళ్లీ డిప్లాయ్ చేయండి. ఫైలు మాయమైతే ఇంకా కంటైనర్ డిస్కులోనే రాస్తున్నారన్నమాట.

వెనక్కి మళ్లడం: కావాలనే చెడ్డ కోడ్ పంపండి. పాత వెర్షన్‌కి రావడానికి ఎన్ని క్లిక్కులు, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. నా లెక్కలో ప్లాట్‌ఫారమ్‌ల మధ్య అసలు తేడా తెలిసేది ఇక్కడే.

లోడు: కే6 లాంటి టూల్‌తో 20 మందిని 5 నిమిషాలు తిప్పండి. సర్వర్ వైపు ఎర్రర్లు (500, 502 లాంటివి) వచ్చాయా, మెమరీ గ్రాఫ్ ఎక్కుతూనే ఉందా చూడండి.

7. బ్యాకప్‌ని తిరిగి తెచ్చి చూడండి

"బ్యాకప్ ఆన్‌లో ఉంది" అన్న పచ్చ గుర్తుని నమ్మకండి. నిన్నటి బ్యాకప్‌ని కొత్త డేటాబేస్‌గా తెరిచి, పేషెంట్ల సంఖ్య సరిపోయిందో లేదో లెక్కపెట్టండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి, క్లయింట్ అడిగే మొదటి ప్రశ్న అదే. వారానికోసారి ఒక కాపీ వేరే కంపెనీ స్టోరేజ్‌లోకి కూడా వెళ్లేలా పెట్టండి. ఖాతాయే సస్పెండ్ అయితే, అందులో ఉన్న బ్యాకప్ కూడా లోపలే ఉండిపోతుంది.

8. ఖాతా తాళాలు

ఖాతా క్లయింట్ సంస్థ మెయిల్‌తో తెరవండి, మీ సొంత జీమెయిల్‌తో కాదు. ప్రధాన ఖాతాకి రెండంచెల లాగిన్ పెట్టి, రోజువారీ పనికి వేరే యూజర్ వాడండి. బిల్లు మెయిళ్లు కనీసం ఇద్దరికి వెళ్లాలి.

9. మారేటప్పుడు

గెలిచినదానికి అసలు డొమైన్ తిప్పడానికి ముందు రోజే డీఎన్‌ఎస్ టీటీఎల్‌ని (మీ డొమైన్ అడ్రసుని మిగతా సర్వర్లు గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లకు తగ్గించండి. సెంటర్ మూసేశాక, రాత్రి పూట మార్చండి. యాప్ ఇప్పటికే ఇంకోచోట నడుస్తుంటే, ముందుగా ఆ పాత యాప్‌లో కొత్త ఎంట్రీలు ఆపేయాలి. లేకపోతే రెండు డేటాబేసుల్లోనూ కొన్ని కొన్ని పేషెంట్ల ఎంట్రీలు పడి, వాటిని కలపడానికి వారం పడుతుంది. మర్నాడు పొద్దున 7 నుంచి 10 దాకా లాగ్‌లు తెరుచుకుని కూర్చోండి.

పాతదాన్ని ఒక వారం అలాగే ఉంచి తర్వాత తీసేయండి. తీసేయడమంటే ఆపడం కాదు. డిజిటల్ ఓషన్‌లో ఆపేసిన డ్రాప్లెట్‌కి కూడా పూర్తి చార్జీ పడుతుంది, తొలగించాల్సిందే. ఏడబ్ల్యూఎస్‌లో మెషిన్ ఆపినా డిస్కు, స్నాప్‌షాట్లు, పట్టి ఉంచుకున్న ఐపీ అడ్రసు విడివిడిగా బిల్లవుతూనే ఉంటాయి. ఓడిపోయిన రెండో ప్లాట్‌ఫారమ్‌లో మీరు టెస్టుకి తెరిచిన డేటాబేస్ సంగతీ అంతే, దాన్ని కూడా ఆ రోజే తీసేయండి.